ఆదివారానికి మిగిలిపోయిన వాదన

కోస్తాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా తెలుగు బోధిస్తున్న ఆచార్యులొకరు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు చెప్పవద్దని కోరారు కాబట్టి ఆనవాలు పట్టించే వివరాలు మార్చి, సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఎం.ఏ. రోజుల నుంచీ ఆయనకొక స్నేహితుడు ఉండేవారు. ఈయన ఛందస్సు, ప్రబంధాలు చదువుకుంటే ఆ స్నేహితుడు పద్యనాటకం వెంట పడ్డారు. సెలవు దొరికితే చాలు, టేపు రికార్డరు పట్టుకుని తిరునాళ్ళ పందిళ్ళలో తెల్లవార్లూ కూర్చునేవారు, హార్మోనిస్టుల ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళేవారు. రంగస్థల నటుల్లో ఆ స్నేహితుడు షణ్ముఖి ఆంజనేయరాజు రాగానికి దాసుడు, ఈయనకు పీసపాటి నరసింహమూర్తి మాట విరుపు తరువాతే ఎవరైనా. ఫోను ఎవరు చేసినా, ఎత్తినవారు తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకంలో పడకసీనులోని “బావా! ఎప్పుడు వచ్చితీవు” అని అందుకోవలసిందే. ఆదివారం ఉదయం అలా మొదలైన మాటలు భోజనాలవేళ దాకా సాగేవి.

పద్యం రంగస్థలం మీది నుంచి గ్రామఫోను రికార్డులోకి, అక్కడి నుంచి సినిమాలోకి నడిచిన దారి మీద ఇద్దరూ కలిసి పుస్తకం మొదలుపెట్టారు. తొమ్మిది అధ్యాయాల్లో ఆరు పూర్తయ్యాయి. ఏడో అధ్యాయం స్నేహితుడు రాసి పంపారు. కవులు ఇచ్చింది చిత్తుప్రతి మాత్రమేననీ, దాన్ని పూర్తిచేసింది నటుడూ, హార్మోనిస్టూ, పందిట్లో కూర్చుని ‘ఒన్స్‌మోర్’ అని అరిచిన రైతులూ అనీ అందులోని వాదం. ఆచార్యులవారు ఎర్ర సిరాతో మార్జిన్‌లో “ఇది పరిశోధన కాదు, అభిమాన సంఘం కరపత్రం” అని రాసి తిప్పి పంపారు. తొమ్మిది రోజులకు స్నేహితుడు గుండెపోటుతో పోయారు. పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య తెచ్చి ఇచ్చిన కాగితాల్లో ఆ ఎర్ర సిరా వ్యాఖ్య కింద పెన్సిల్‌తో ఒక్కటే మాట ఉంది: “ఆదివారం.”

ఇది జరిగి పదకొండు నెలలైంది. సంస్మరణ సభలో ఆచార్యులవారు నలభై నిమిషాలు తడబడకుండా మాట్లాడారు. ఏటా పాఠం చెప్పే స్మృతి కవితను ఈ ఏడు కూడా కళ్ళు చెమర్చకుండానే చెప్పగలిగారు. అలాంటిది ఒకరోజు ఆటోలో వెళ్తుంటే డ్రైవరు ఫోనులో ఒక హాస్యపు రీల్ మోగింది. అప్పు తీర్చమని వచ్చిన బావమరిదిని చూసి ఒకడు అదే పద్యాన్ని వెటకారంగా ఎత్తుకున్నాడట. ఆచార్యులవారు వెక్కి వెక్కి ఏడ్చారు. డ్రైవరు ఆటో పక్కకు ఆపి, నీళ్ళ సీసా అందించి, “షుగరా సార్?” అని అడిగాడు. ఇంట్లో భార్య “మా అన్నయ్య పోయినప్పుడు కూడా మీరిలా లేరు” అంటున్నారు. స్నేహితుడి కుటుంబం సంవత్సరీకం నాటికి పుస్తకం రావాలని కోరుతోంది. ఈయన తెల్లవారుజామున మూడింటికి లేచి ఆ కట్ట విప్పుతారు, మళ్ళీ కట్టేస్తారు. తాను చేయవలసింది ఏమిటని అడుగుతూ, ఫ్రాయిడ్ చెప్పినట్టు పోయినవారి నుంచి మనసును మళ్ళించుకోలేకపోవడం తన లోపమా అని కూడా అడిగారు.

అయ్యా,

మీ ఉత్తరంలో స్నేహితుడి మరణానికి మీరు కేటాయించినవి ఆరు వాక్యాలు. ఏడో అధ్యాయం మీది వాదానికి నాలుగు పేజీలు. ఆయన మాట తప్పని నిరూపించడానికి ఇప్పటికీ ఆధారాలు పోగుచేస్తున్నారు, ఆ వెంటనే పోగుచేస్తున్నందుకు మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారు. దాన్ని మీరు “నా కాఠిన్యం” అన్నారు. నాకది మీ దుఃఖం మాట్లాడుతున్న భాషలా కనిపించింది. ఒకరితో ఏ తీరున కలిసి బతికామో, వారు పోయాక ఆ తీరులోనే వారిని వెతుక్కుంటాం. కలిసి పేకాడినవాడికి సాయంత్రమయ్యేసరికి చేతులు ఊరుకోవు. మీరు కలిసి వాదించినవారు, కాబట్టి ఆదివారం ఉదయం మీకు ఎదురుమాట లేకుండా పోయింది. మీరు చెప్పేది విని తలూపేవాళ్ళు విశ్వవిద్యాలయం నిండా ఉంటారు. చెప్పేలోపే “ఆగవయ్యా” అనేవాడు ఒక్కడే ఉండేవాడు.

ఆటో సంగతి. ముప్పై ఏళ్ళు స్మృతి కావ్యాలు బోధించినవాణ్ణి రీల్ చూసి ఏడ్చానేమిటని మీరు సిగ్గుపడుతున్నారు. శ్రీశ్రీ తన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు కోసం రాసిన కవిత మీ చేతిలో పాఠంగా మారి చాలాకాలమైంది. కొంపెల్ల 1937లో పోవడం, 1950లో పుస్తకంగా వచ్చిన ‘మహాప్రస్థానం’ ఆయనకే అంకితం కావడం, ఆ సంబోధనలోని ఎత్తుగడ, పరీక్షలో వచ్చే ప్రశ్న, ఇవన్నీ ఆ కవితకూ మీకూ మధ్య తడికలా నిలబడ్డాయి. ఏటా చెప్పే మనిషికి ఆ తడిక అవసరం కూడా. లేకపోతే జూలైలో ఒకసారి, పునశ్చరణలో ఒకసారి తరగతిలో కూలబడవలసి వస్తుంది. సంస్మరణ సభలో మిమ్మల్ని నిలబెట్టిందీ అదే. ఆ రీల్‌కు మాత్రం మీ దగ్గర తడిక లేదు. దాన్ని మీరెన్నడూ విశ్లేషించలేదు, అది మిమ్మల్ని కదిలిస్తుందని ఎదురుచూడనూ లేదు. పైగా ఆ పద్యం మీ ఇద్దరికీ సాహిత్యంగా కంటే పలకరింపుగానే ఎక్కువ వాడుక. ఆటోలో మీరు విన్నది ఫోను అవతలి గొంతును.

ఇక్కడొక మాట కాస్త చనువుగా అంటాను, మన్నించండి. ఆ ఆటోలో మీ స్నేహితుడి ఏడో అధ్యాయానికి ఒక రుజువు దొరికింది. అవధానాలు చేసిన ఇద్దరు పండితులు రాసిన పద్యం నాటకాల వాళ్ళ గొంతుల్లో నలిగి, సినిమాలో ఘంటసాల గొంతులోకి ఎక్కి, చివరికి అప్పు ఎగ్గొట్టే బావ వెటకారంగా మారి కూడా ఒక ఛందోపండితుణ్ణి ఏడిపించిందంటే, అందులో కవుల వాటా ఎంత, తరువాతివాళ్ళ వాటా ఎంత అన్నది మీరనుకున్నంత తేలికగా తేలే లెక్క కాదు. మా మేనమామ హార్మోనియం వాయించేవారు. పద్యం ఎక్కడ ఆగాలో కవికి తెలియదు, నాకు తెలుసు అనేవారు ఆయన. అది గర్వమని అప్పట్లో అనుకున్నాను. అయినా మీ వాదం ఓడిపోయిందని నా ఉద్దేశం కాదు. యతి కుదరని పద్యానికి ఎంత రాగం తీసినా పందిరి లేవదన్న మీ వాక్యం నాకు నచ్చింది. ఆ తగవు తీర్చడం నా పని కాదు. అది ఇంకా బతికే ఉందని మాత్రం చెప్పదలిచాను.

మీ భార్య అన్న మాటకు వస్తాను. బావమరిది పోతే మీకొక చోటుంది. పాడె మోయడానికి పిలుస్తారు, పది రోజులూ ఆ ఇంట్లో తిరుగుతారు, ఎవరో ఒకరు వచ్చి పరామర్శిస్తారు. స్నేహితుడు పోతే మైల లేదు, కర్మలో భాగం లేదు, ఆఫీసులో సెలవు లేదు. శ్మశానంలో మీరు వెనక వరుసలో చెప్పులు పట్టుకుని నిలబడ్డానని రాశారు. లోకం గుర్తించని, పరామర్శకు నోచుకోని ఇలాంటి దుఃఖాన్ని గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఒక పుస్తకమే వెలువరించారు. మన సంప్రదాయం కూడా దీన్ని పూర్తిగా మరిచిపోలేదు. మహాలయ పక్షంలో వదిలే తర్పణాల్లో కారుణ్య పితరుల వరుసలో గురువుకూ స్నేహితుడికీ చోటుంది. మీకు వాటిపై నమ్మకం ఉంటే ఆ దారి తెరిచే ఉంది. లేకపోతే బలవంతాన చేయనక్కరలేదు. అయితే మీ భార్య మాటలో నిష్ఠురం కంటే మరేదో వినిపిస్తోంది నాకు. ముప్పై ఏళ్ళు ఆదివారాలు ఆ ఫోను మాటల మధ్య మీకు కాఫీలు అందించిన మనిషి ఆవిడ. ఆయన గురించి ఆవిడకు గుర్తున్నది మీకు గుర్తున్నది ఒకటే అయి ఉండదు. పదకొండు నెలల్లో ఒక్కసారైనా అడిగారా? ఉత్తరంలో ఆ ఊసు లేదు.

ఫ్రాయిడ్ గురించి అడిగారు కాబట్టి, అంతటి చదువరికి ఇది చెప్పడం సాహసమే అయినా చెబుతాను. 1917లో అచ్చైన వ్యాసంలో ఆయన మీరన్న మాటే చెప్పారు: దుఃఖించడమంటే పోయినవారి నుంచి మమకారాన్ని కొంచెం కొంచెంగా విడదీసుకునే పని అని. 1920 జనవరిలో ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. 1929లో, ఆమె బతికి ఉంటే ముప్పై ఆరేళ్ళు నిండే రోజున, కొడుకును పోగొట్టుకున్న బిన్స్‌వాంగర్ అనే మిత్రుడికి ఉత్తరం రాస్తూ, ఆ ఖాళీని ఏది వచ్చి నింపినా అది వేరే ఏదో అవుతుందే కానీ అదే కాదనీ, అలా ఉండడమే సరైనదనీ అన్న అర్థం వచ్చేలా రాశారు. వ్యాసం రాసినవాడు, ఉత్తరం రాసినవాడు ఒక్కరే. మీరు వ్యాసం ఒక్కటే పట్టుకుని మీకు మార్కులు వేసుకుంటున్నారు.

మిమ్మల్ని మూడింటికి నిద్రలేపుతున్నది బహుశా ఆ ఎర్ర సిరా. ఆ వ్యాఖ్య కటువైనదే, మిమ్మల్ని ఓదార్చడం కోసం అది కటువు కాదని చెప్పలేను. కానీ దాన్ని ఒక్కదాన్నే విడిగా చదువుతున్నారు. మీ ఉత్తరంలోనే మరోచోట, మీ సిద్ధాంతగ్రంథం మీద ఆయన “పంచాంగం ఇంతకంటే సరసంగా ఉంటుంది” అని రాశారని, దాన్ని ఇప్పటికీ స్నేహితుల మధ్య కథలా చెప్పుకుంటారని రాశారు. ఇరవై అయిదేళ్ళ కిందటి ఆ వాక్యాన్ని నవ్వుతూ దాచుకున్న మీరు, మీ వాక్యాన్ని ఆయన ఏడుస్తూ దాచుకున్నారని ఎందుకు అనుకుంటున్నారు? పెన్సిల్‌తో రాసిన “ఆదివారం” అన్న మాటకు అర్థం ఎవరూ రూఢిగా చెప్పలేరు. నొచ్చుకున్న మనిషి కాగితాన్ని పక్కన పడేస్తాడు, లేదా ఆ రాత్రికి రాత్రే ఫోను చేస్తాడు. వారం పేరు రాసుకున్న మనిషి ఆ రోజు మాట్లాడాలనుకున్నాడన్నంత వరకు నేను ధైర్యంగా అనగలను. ఎర్ర సిరా సంగతి ఆయన భార్యకు చెప్పాలా అని అడిగారు. చెబితే మీ గుండె బరువు తగ్గవచ్చు, కానీ కొంత బరువు ఆవిడ మీదికి వెళ్ళే ప్రమాదమూ ఉంది: తొమ్మిది రోజులూ ఆయన ఎలా ఉన్నారో ఆవిడ మళ్ళీ మొదటి నుంచి తవ్వుకోవలసి వస్తుంది. చెప్పకపోతే ఆవిడ ముందు మీకు ఎప్పుడూ ఒక తెర ఉంటుంది. ఇంకో సంగతి గమనించారో లేదో, ఆ కాగితాలు మీకు తెచ్చి ఇచ్చింది ఆవిడే. చదవకుండా తెచ్చారని మీరెందుకు అనుకున్నారో నాకు తెలియదు.

ఇక పుస్తకం. దీనికి దారులు మూడో నాలుగో ఉన్నాయి, ప్రతిదానికీ ఒక మూల్యం ఉంది.

మీరు పరిశోధిస్తున్న కవులనే చూడండి. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో కన్నుమూశారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950 దాకా జీవించారు. ఆ ముప్పై ఏళ్ళలో తానొక్కరే రాసినవాటిని కూడా ఆయన జంట పేరుతోనే ప్రకటించారు. అంతకంటే పెద్ద నివాళి ఊహించడం కష్టం. మీరు కూడా మిగిలిన అధ్యాయాలు రాసి, ఏడోదాన్ని సరిదిద్ది, ఇద్దరి పేర్లతో ఒకే గొంతుగా అచ్చు వేయవచ్చు. కుటుంబం కోరుతున్నది అదే కావచ్చు. కానీ వారిద్దరిది ఒకే కలంగా లోకానికి తెలిసిన కవిత్వం. మీ ఇద్దరి మధ్య ఉన్నది భిన్నాభిప్రాయం. ఏడో అధ్యాయాన్ని మీరు సరిదిద్దితే, జవాబు చెప్పలేని మనిషితో వాదం గెలిచినట్టవుతుంది. సరిదిద్దకుండా సంతకం పెడితే, మీరు నమ్మని మాట మీ పేరుతో వెళ్తుంది. రెండూ మిమ్మల్ని మళ్ళీ మూడింటికి లేపేవే.

రెండో దారి, ఆయన రాసినది ఆయనదిగానే వెలువరించడం. ఫ్రెంచి వ్యాసకర్త మోంటేన్‌కు ఇదే కష్టం వచ్చింది. ఆయన ప్రాణమిత్రుడు లా బొయెసీ 1563లో, ముప్పై రెండేళ్ళ వయసులో, తన పుస్తకాలన్నీ మోంటేన్‌కు వదిలి చనిపోయాడు. 1571లో మోంటేన్ అతని అనువాదాలనూ పద్యాలనూ అచ్చు వేయించాడు కానీ, ప్రజలు తమంతట తామే దాస్యానికి ఎందుకు ఒప్పుకుంటారని ప్రశ్నించే రచనను మాత్రం ఆపుకున్నాడు. దాన్ని తన వ్యాస సంపుటి మధ్యలో పెట్టాలనుకున్నాడు. ఆలోగా ఇతరులు తమ మతరాజకీయ పోరుకు దాన్ని అచ్చువేసి వాడుకున్నారు. దాంతో 1580 ముద్రణలో ఆ చోట మిత్రుడి సానెట్లు ఇరవై తొమ్మిది వేసి, చివరికి తన సొంత ప్రతిలో వాటినీ కొట్టేశాడు. పోయిన స్నేహితుడి రాతప్రతిని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోవడం మీ ఒక్కరి బలహీనత కాదని తెలియడానికే ఇంతా చెప్పాను. మీరు ఆయన అధ్యాయాన్నీ, ఆయన సేకరించిన నటుల, హార్మోనిస్టుల మాటలనూ కలిపి ఆయన ఒక్కరి పేరుతో చిన్న పుస్తకంగా ముందు తేవచ్చు. సంవత్సరీకానికి అది సాధ్యం. ఉమ్మడి పుస్తకం అప్పుడు తేదీ లేకుండా మీ దగ్గర ఉంటుంది. నష్టం ఏమిటంటే, తేదీ లేని పుస్తకాలు చాలావరకు కట్టలుగానే మిగిలిపోతాయని మీ వృత్తిలో మీకు నాకంటే బాగా తెలుసు.

మూడోది, ఏడో అధ్యాయాన్ని అక్షరం మార్చకుండా ఆయన పేరుతో ఉంచి, ఎనిమిదో అధ్యాయంగా మీ ఖండనను మీ పేరుతో రాయడం. ఎర్ర సిరాతో రాసిన ఒక్క ముక్క కాకుండా, ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆయన ముందు చెప్పేంత వివరంగా. ఆయన ఏమని అడ్డం తగిలేవారో మీకు తెలుసు కాబట్టి దానికీ అందులో చోటివ్వాలి. మూడింటిలో నాకు దీని మీద మొగ్గు ఉందని దాచను. కానీ ఇది సంవత్సరీకానికి పూర్తికాదు, ఆ మాట కుటుంబానికి ఇప్పుడే చెప్పాలి. చనిపోయినవాడితో వాదిస్తున్నాడని నొసలు చిట్లించేవారూ ఉంటారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ అధ్యాయం రాస్తున్న నెలల్లో మీ దుఃఖం ఇప్పటికంటే పెరగవచ్చు. ఇవేవీ చేతకాదనిపిస్తే, మీ ఇద్దరి దగ్గరా చదువుకుందని మీరు రాసిన విద్యార్థినికి సంపాదకత్వం అప్పగించి మీరు పక్కకు తప్పుకోవచ్చు. అది పారిపోవడం కాదు. కాకపోతే మీకు నచ్చని నిర్ణయాలు ఆమె తీసుకుంటుంది, అప్పుడు ఎర్ర సిరా తియ్యకూడదు.

మోంటేన్‌ను తలచుకున్నాను కాబట్టి ఇంకొక్కటి. అతనితో అంత స్నేహం ఎందుకని అడిగితే, అతను అతనే కాబట్టి, నేను నేనే కాబట్టి అన్న ఆయన జవాబు లోకప్రసిద్ధం. అది మొదటి ముద్రణలో లేదు. మిత్రుడు పోయిన పాతికేళ్ళ తరువాత, 1588 ముద్రణ ప్రతి మార్జిన్‌లో చేత్తో రాసుకున్నది. అందులోనూ రెండు సగాలు రెండు వేరు సిరాల్లో ఉన్నాయి. మొదటి సగం రాశాక రెండోది రాయడానికి ఆయనకు మరికొంత కాలం పట్టింది. మీరు పదకొండు నెలలకే ముందుమాట రాలేదని బాధపడుతున్నారు.

నిద్ర విషయం తేలిగ్గా వదలకండి. దుఃఖం జబ్బు కాదు. అయితే ఏడాది దగ్గరపడుతున్నా రోజులో ఎక్కువ భాగం అదే తలపుతో గడవడం, పని, తిండి, మనుషులు అన్నీ దూరం కావడం ఉంటే దాన్ని వైద్యులు ఇప్పుడు ప్రత్యేకంగా గుర్తించి చికిత్స చేస్తున్నారు. మీరు పాఠాలు చెబుతున్నారు, నడకకు వెళ్తున్నారు, ఇంత పొడవు ఉత్తరం రాయగలిగారు కాబట్టి అంత దూరం వెళ్ళలేదనే నా అంచనా. ఉత్తరం చూసి రోగం తేల్చలేను కదా. మూడింటి మెలకువ ఇంకో నెల సాగినా, బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మానసిక వైద్యుణ్ణి కలవండి. రాత్రివేళ అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు.

చివరిగా, పుస్తకం గురించి ఏ నిర్ణయం తీసుకున్నా, తీసుకోకపోయినా, ఒక పని మాత్రం వాయిదా వేయవద్దు. ఆయన ఇంట్లో అట్టపెట్టెలో నలభై మూడు క్యాసెట్లు ఉన్నాయని రాశారు. కోస్తా ఉక్కపోతకు టేపు మీద తెల్లగా బూజు పడుతుంది, పట్టాక తిప్పితే శబ్దంతోపాటు యంత్రం హెడ్డు కూడా పాడవుతుంది. వాటిలో ఉన్న హార్మోనిస్టులు చాలామంది ఇప్పుడు లేరని మీరే అన్నారు. మధ్యమధ్య ప్రశ్నలు అడుగుతున్న గొంతు ఆయనది. ఈ వారంలోనే తోడుగా ఎవరినైనా వెంటబెట్టుకుని, టేపులు శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చేవారి దగ్గరికి వెళ్ళండి. వినడం మీకు వీలైనప్పుడు చూసుకోవచ్చు.